ఖనిజాల కెమిస్ట్రీలో కెరీర్ కావాలా: రాయి దగ్గర మొదలుపెట్టి ల్యాబ్ దాకా ఏ వరసలో నేర్చుకోవాలి

జియాలజీ చదువుతున్నవాళ్లు, ఫీల్డ్‌లో రెండు మూడేళ్లు తిరిగి ఇప్పుడు ల్యాబ్ వైపు రావాలనుకుంటున్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే, ఏ మెషీన్ నేర్చుకుంటే ఉద్యోగం వస్తుంది అని. మెషీన్ నేర్చుకోడానికి కొన్ని నెలలు చాలండి. స్క్రీన్ మీద పడ్డ అంకెని నమ్మొచ్చో లేదో తేల్చి చెప్పడానికి మాత్రం ఏళ్లు పడుతుంది, ల్యాబ్‌వాళ్లైనా మైనింగ్ కంపెనీవాళ్లైనా జీతం ఇచ్చేది దానికే. అందుకని ఈ గైడ్‌ని శాంపిల్ నడిచే దారిలోనే రాస్తున్నా, రాయి, పొడి, మెషీన్, అంకె, చివర్లో ఉద్యోగం. మీరు కూడా ఈ వరసలోనే నేర్చుకుంటే మంచిది, మధ్యలో దూకితే ఎక్కడో ఒకచోట దొరికిపోతారు.

స్టెప్ 1: ముందు మైక్రోస్కోప్ దగ్గర కూర్చోండి

రాయిని 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి గాజు మీద అంటించిన థిన్ సెక్షన్‌ని పోలరైజింగ్ మైక్రోస్కోప్ కింద పెడితే అందులో ఏ ఖనిజం ఏదో తడుముకోకుండా చెప్పగలగాలి, ఇది రానివాళ్లు జియోకెమిస్ట్రీలో ఎంత దూరం వెళ్లినా ఒక కాలు కుంటుతూనే ఉంటుంది. ఎందుకంటే మీకు వచ్చే రిపోర్ట్‌లో "జిర్కోనియం 300 పీపీఎం" (పది లక్షల పాళ్లలో 300 పాళ్లు) అని ఉంటుంది అంతే, ఆ 300 ఎక్కడుందో రిపోర్ట్ చెప్పదు. అది చిన్న చిన్న జిర్కాన్ గ్రెయిన్లలో ఇరుక్కుని ఉందా, వేరే ఖనిజంలో కొంచెం కొంచెం పరుచుకుని ఉందా అనేది తెలిస్తేనే ఏ యాసిడ్ వాడాలి, ఎంత పొడి తీసుకోవాలి, వచ్చిన విలువ తక్కువగా ఎందుకుంది అనేవి అన్నీ తెలుస్తాయి.

ఇక్కడ జియోకెమిస్ట్రీకి పునాదులు వేసిన శాస్త్రవేత్త గోల్డ్‌ష్మిట్ చెప్పిన విషయాలు బాగా ఒంటబట్టాలి. ఆయన మూలకాల్ని నాలుగు గుంపులు చేశాడు, ఇనుముతో పోయేవి, గంధకంతో పోయేవి, సిలికేట్ రాళ్లలో స్థిరపడేవి, గాల్లో ఉండేవి. దానితోపాటు అయాన్ సైజు, చార్జ్ దగ్గర దగ్గరగా ఉంటే ఒక మూలకం ఇంకోదాని సీట్లో కూర్చుంటుంది అనేది. మెగ్నీషియం సీట్లో నికెల్ కూర్చుంటుంది కాబట్టి ఆలివిన్‌లో నికెల్ ఉంటుంది, పొటాషియం సీట్లో రుబీడియం కాబట్టి మైకాలో, పొటాషియం ఫెల్‌స్పార్‌లో రుబీడియం దొరుకుతుంది. జిర్కాన్‌లో హాఫ్నియం కూడా అంతే, జిర్కోనియంకి అచ్చం తోడబుట్టినదానిలా ఉంటుంది, అందుకే 1923లో కోపెన్‌హాగన్‌లో కోస్టర్, హెవెషీ ఇద్దరూ జిర్కాన్ శాంపిల్ మీద ఎక్స్‌రే స్పెక్ట్రమ్ చూసేదాకా అదొక వేరే మూలకం అని ఎవరికీ పట్టు దొరకలేదు. ఖనిజాల ఎనాలిసిస్ వల్ల పీరియాడిక్ టేబుల్‌లో ఒక ఖాళీ గడి నిండింది, నాకు ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది.

చేయాల్సిన అభ్యాసం ఏంటంటే, ప్రతి శాంపిల్ ల్యాబ్‌కి పంపే ముందు ఒక నోట్‌బుక్‌లో మీ అంచనా రాసిపెట్టుకోండి. ఇందులో ఈ ఖనిజాలు ఇంతింత శాతం ఉన్నాయి కాబట్టి సిలికా ఇంత రావాలి, క్రోమియం ఎక్కువ రావాలి, పొటాషియం దాదాపు ఉండకూడదు అని. రిపోర్ట్ వచ్చాక పక్కన పెట్టి చూస్కోండి. తేడా వచ్చిన ప్రతిసారీ తప్పు మీదా ల్యాబ్‌దా అని వెతకండి. ఒక ఏడాది ఇలా చేస్తే మీ కళ్లు మారిపోతాయి, నిజంగా చెప్తున్నా.

స్టెప్ 2: ఖనిజం ఫార్ములా లెక్క ఒక్కసారైనా చేత్తో వేయండి

సాఫ్ట్‌వేర్ అన్నీ చేస్తుంది, నిజమే, కానీ ఒక్కసారి కాగితం మీద వేయకపోతే అది ఏం చేస్తోందో ఎప్పటికీ తెలీదు. ఒక ఆలివిన్ గ్రెయిన్ మీద మైక్రోప్రోబ్ (ఎలక్ట్రాన్ బీమ్‌తో ఒక్క చుక్కంత చోటుని కొలిచే మెషీన్, స్టెప్ 4లో వస్తుంది) ఇలా ఇచ్చిందనుకోండి: సిలికా 40.0 శాతం, ఫెర్రస్ ఆక్సైడ్ 12.0, మెగ్నీషియా 47.5, మొత్తం 99.5.

ఒక్కోదాన్ని దాని మాలిక్యులర్ వెయిట్‌తో భాగించండి. సిలికా 60.08తో భాగిస్తే 0.6658, ఫెర్రస్ ఆక్సైడ్ 71.84తో భాగిస్తే 0.1670, మెగ్నీషియా 40.30తో భాగిస్తే 1.1787. ఇప్పుడు ఆక్సిజన్లు లెక్కేయాలి, సిలికాలో రెండు ఉంటాయి కాబట్టి 1.3316, మిగతా రెండింట్లో ఒక్కొక్కటే, అన్నీ కలిపితే 2.6773. ఆలివిన్ ఫార్ములాలో 4 ఆక్సిజన్లు ఉండాలి కాబట్టి 4ని 2.6773తో భాగిస్తే 1.494 వస్తుంది, దీంతో అన్నింటినీ గుణించండి. సిలికాన్ 0.995, ఇనుము 0.250, మెగ్నీషియం 1.761, మొత్తం 3.005.

ఇప్పుడు చూడండి అసలు సంగతి. ఆలివిన్‌లో సిలికాన్ 1 ఉండాలి, మొత్తం కాటయాన్లు (ప్లస్ చార్జ్ ఉన్న అయాన్లు, ఇక్కడ సిలికాన్, ఇనుము, మెగ్నీషియం) 3 ఉండాలి. మనకి 0.995, 3.005 వచ్చాయి, అంటే ఈ ఎనాలిసిస్ మంచిది. ఖనిజం క్రిస్టల్ నిర్మాణమే మీ మెషీన్‌కి పరీక్ష పెడుతోంది, బయటినుంచి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇదే లెక్కలో సిలికాన్ 1.08 వచ్చి మొత్తం 2.92 వస్తే, ఆక్సైడ్ల మొత్తం 100 వచ్చినా సరే, ఎలక్ట్రాన్ బీమ్ పక్కనున్న పైరాక్సీన్‌ని కూడా తాకిందన్నమాట. మెగ్నీషియంని మెగ్నీషియం, ఇనుము రెండూ కలిపినదానితో భాగిస్తే 0.876 వస్తుంది, దీన్నే ఫోర్‌స్టరైట్ 87.6 అంటారు (ఇనుము లేకుండా మెగ్నీషియం మాత్రమే ఉన్న ఆలివిన్ పేరు ఫోర్‌స్టరైట్), ఈ ఒక్క అంకె నుంచే ఆ గ్రెయిన్ ఎలాంటి మాగ్మాలోంచి వచ్చిందో మాట్లాడటం మొదలుపెట్టొచ్చు.

ఆలివిన్ తర్వాత గార్నెట్‌కి 12 ఆక్సిజన్లతో, ఫెల్‌స్పార్‌కి 8తో, పైరాక్సీన్‌కి 6తో వేసి చూడండి. యాంఫిబోల్ దగ్గర తల తిరుగుతుంది, ఫర్లేదు, అందరికీ అంతే.

స్టెప్ 3: శాంపిల్ పొడి చేయడం, ఎవరూ పట్టించుకోని చోటు

ఈ రంగంలో తప్పులు ఎక్కువ పుట్టేది ఇక్కడే, ల్యాబ్‌లో అందరికన్నా తక్కువ జీతం ఉండేది కూడా ఈ పని చేసేవాళ్లకే. నాకు ఇది ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

రాయి జా క్రషర్‌లో పగులుతుంది, తర్వాత దాన్ని పాళ్లు చేయాలి. కుప్ప పోసి నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు తీసుకోవడం పాత పద్ధతి, రిఫుల్ స్ప్లిట్టర్ (పొడిని సమానంగా రెండు పాళ్లు చేసే గాళ్ల పెట్టె) ఉంటే ఇంకా నయం. గరిటెతో పైనుంచి తీయకండి, బరువైన గ్రెయిన్లు కిందకి దిగిపోయి ఉంటాయి. తర్వాత రింగ్ మిల్లు, ఆ మిల్లు ఏ లోహంతో చేశారనేది మీరు తప్పనిసరిగా అడగాల్సిన ప్రశ్న. క్రోమ్ స్టీల్ మిల్లు ఐతే శాంపిల్‌లోకి క్రోమియం, ఇనుము వస్తాయి. టంగ్‌స్టన్ కార్బైడ్ ఐతే టంగ్‌స్టన్, దాన్ని అతికించడానికి వాడే కోబాల్ట్ వస్తాయి. అగేట్ మిల్లు ఐతే సిలికా తప్ప దాదాపు ఏమీ కలవదు, కానీ మెల్లగా నలుగుతుంది, గట్టిగా కొడితే పగుల్తుంది కూడా.

ఇది నేను పుస్తకంలో చదివి వదిలేసిన విషయం, అనుభవంతోనే నేర్చుకున్నా. మొదటి ఉద్యోగంలో ఒక బ్యాచ్ రిపోర్ట్ వచ్చింది, కోబాల్ట్, టంగ్‌స్టన్ రెండూ కలిసి పెరిగి ఉన్నాయి, క్వార్ట్‌జ్ ఎక్కువున్న శాంపిల్స్‌లో ఇంకా ఎక్కువ. మేము మ్యాప్ మీద రంగులు వేసేశాం, గ్రానైట్ అంచున ఖనిజీకరణ జరిగిందని మీటింగ్‌లో నేనే నిలబడి చెప్పా. ఒక సీనియర్ మేడమ్ అంతా విని ఒకే ఒక్క మాట అడిగారు, ఏ మిల్లులో కొట్టారు అని. నా దగ్గర సమాధానం లేదు. ఆవిడే శుభ్రమైన క్వార్ట్‌జ్ తీసుకెళ్లి అదే మిల్లులో కొట్టించి ఎనాలిసిస్‌కి పంపారు, ఏమీ ఉండకూడని ఆ పొడిలో కూడా అవే రెండు మూలకాలు అదే నిష్పత్తిలో వచ్చాయి. క్వార్ట్‌జ్ గట్టిది కాబట్టి మిల్లుని ఎక్కువ అరగదీసింది, మేము గీసిన మ్యాప్ రాతి గట్టిదనం మ్యాప్ అన్నమాట. ఆ రోజు నుంచి ఏ రిపోర్ట్ నా చేతికొచ్చినా మొదట చూసేది పొడి ఎలా చేశారనే పేజీ.

కాబట్టి మీరు చేయాల్సింది ఇదీ: ప్రతి బ్యాచ్ మొదట్లో శుభ్రమైన క్వార్ట్‌జ్‌ని మిల్లులో కొట్టి పారేయండి, మళ్లీ ఇంకొంచెం క్వార్ట్‌జ్ కొట్టి దాన్ని మామూలు శాంపిల్ లాగే నంబర్ వేసి ఎనాలిసిస్‌కి పంపండి, అదే మీ బ్లాంక్. తక్కువ గ్రేడ్ ఉన్నవి ముందు, ఖనిజం బాగా ఉన్నవి చివర్లో కొట్టండి, ధాతువు రాయి (లోహం తీసే ముడి ఖనిజం) కొట్టిన మిల్లులో మామూలు గ్రానైట్ కొడితే ముందుదాని ఛాయ దీనిలోకి వస్తుంది. వేలికి ఉంగరం ఉంటే తీసేయండి, బంగారం, వెండి, ప్లాటినం వెతికే పనిలో ఐతే మరీనూ.

కలుషితం అనేది ఎంత దూరం వెళ్తుందో క్లెయిర్ ప్యాటర్సన్ కథ చెప్తుంది. భూమి వయసు కనుక్కోడానికి ఉల్కల్లో సీసం ఐసోటోపులు కొలుస్తుంటే ప్రతిసారీ సీసం ఉండాల్సినదానికన్నా ఎక్కువొచ్చేది, గాల్లోంచి, దుమ్ములోంచి, యాసిడ్లలోంచి, గాజు సామాన్లలోంచి. ల్యాబ్ మొత్తాన్ని కడిగి, యాసిడ్లని మళ్లీ మళ్లీ డిస్టిల్ చేసి, చివరికి 1956లో 455 కోట్ల ఏళ్లు అని ప్రచురించాడు. తర్వాత ఆయన పెట్రోల్‌లో కలిపే సీసం మీద పోరాడటానికి మూలం కూడా ఆ బ్లాంక్ విలువలే.

స్టెప్ 4: మీ ప్రశ్నని బట్టి మెషీన్‌ని ఎంచుకోండి

రాయి మొత్తంలో ప్రధాన మూలకాలు కావాలంటే ఎక్స్‌ఆర్‌ఎఫ్, అంటే శాంపిల్ మీద ఎక్స్‌రేలు వేసి తిరిగొచ్చే ఎక్స్‌రేలని బట్టి మూలకాల్ని కొలిచే మెషీన్. పొడిని లిథియం బోరేట్‌తో కలిపి ప్లాటినం క్రూసిబుల్‌లో 1000 డిగ్రీల సెల్సియస్ పైన కరిగించి గాజు బిళ్లగా పోస్తారు. ఇలా చేస్తే ఏ ఖనిజమైనా కరిగిపోయి అంతా ఒకేలా అయిపోతుంది, అదే దీని బలం. సల్ఫైడ్లు ఉన్న శాంపిల్‌ని ముందుగా ఆక్సిడైజ్ చేయకుండా ప్లాటినంలో వేస్తే క్రూసిబుల్ పాడైపోతుంది, చాలా ఖరీదైన తప్పు అది.

ట్రేస్ మూలకాలు (చాలా కొద్దిగా ఉండేవి), రేర్ ఎర్త్‌లు (లాంథనం నుంచి లుటీషియం దాకా ఉన్న గుంపు) కావాలంటే ఐసీపీ-ఎంఎస్, ఇది ద్రావణాన్ని ప్లాస్మాలో అయాన్లుగా మార్చి వాటి మాస్‌ని బట్టి లెక్కపెడుతుంది. ఇక్కడ శాంపిల్ ద్రావణం అవ్వాలి కాబట్టి యాసిడ్ ఎంపికే సగం పని. ఆక్వా రీజియా (నైట్రిక్, హైడ్రోక్లోరిక్ యాసిడ్ల మిశ్రమం) సల్ఫైడ్లని, బంగారాన్ని కరిగిస్తుంది, సిలికేట్లని పూర్తిగా కరిగించదు. హైడ్రోఫ్లోరిక్, పెర్‌క్లోరిక్, నైట్రిక్, హైడ్రోక్లోరిక్ నాలుగూ కలిపిన పద్ధతి సిలికేట్లని కరిగిస్తుంది కానీ జిర్కాన్, క్రోమైట్, క్యాసిటరైట్ లాంటి మొండి ఖనిజాలు అడుగున మిగిలిపోతాయి. ఒకే శాంపిల్‌కి ఎక్స్‌ఆర్‌ఎఫ్‌లో జిర్కోనియం 300 వచ్చి నాలుగు యాసిడ్ల పద్ధతిలో 90 వస్తే రెండు ల్యాబ్‌లూ తప్పు చేయలేదు, జిర్కాన్ కరగలేదు అంతే. ఎక్స్‌ప్లొరేషన్ (ఖనిజాల అన్వేషణ) కంపెనీల్లో పాత డేటా, కొత్త డేటా కలిపి మ్యాప్ గీసేటప్పుడు ఈ తేడా చూసుకోక ఎంతమంది దెబ్బతిన్నారో, ఒక గీత గీసినట్టు మ్యాప్ మధ్యలో విలువలు మారిపోతే ముందు పద్ధతి మారిందేమో చూడండి.

బంగారానికి ఫైర్ ఎస్సే, వందల ఏళ్ల నాటి పద్ధతి, ఇప్పటికీ దాన్నే నమ్ముతారు. 30 లేదా 50 గ్రాముల పొడిని సీసం ఆక్సైడ్, ఫ్లక్స్‌లతో (కరగడానికి సాయపడే పొడులు) కరిగిస్తే పుట్టిన సీసం బొట్లు బంగారాన్ని పట్టుకుని కిందకి దిగుతాయి, ఆ సీసపు ముద్దని కుపెల్ (సీసాన్ని పీల్చుకునే చిన్న గిన్నె) మీద కాలిస్తే సీసం ఇంకిపోయి చిన్న పూస మిగుల్తుంది. బంగారం పెద్ద పలుకులుగా ఉన్న రాయిలో ఒక 30 గ్రాముల్లో పలుకు పడితే ఒక అంకె, పడకపోతే ఇంకో అంకె, దీన్నే నగెట్ ఎఫెక్ట్ అంటారు. అలాంటప్పుడు కిలో పొడిని జల్లెడ పట్టి పైన మిగిలిందంతా విడిగా ఎస్సే చేస్తారు.

ఒక్క గ్రెయిన్ లోపల కెమిస్ట్రీ కావాలంటే ఎలక్ట్రాన్ మైక్రోప్రోబ్, 1951లో ప్యారిస్‌లో రేమండ్ కాస్టాయింగ్ తన డాక్టరేట్ థీసిస్‌లో దీన్ని వివరించాడు. సిలికేట్లకి సాధారణంగా 15 కిలోవోల్ట్లు, 20 నానోఆంపియర్ల దగ్గర నడుపుతారు, ఒకటి రెండు మైక్రాన్ల చోటుని కొలుస్తుంది. నాకు బాగా ఇష్టమైన మెషీన్ ఇదే, ఒక గార్నెట్ అంచు నుంచి మధ్యకి, మధ్య నుంచి ఇంకో అంచుకి వరసగా చుక్కలు పెట్టుకుంటూ పోతే మాంగనీస్ మధ్యలో గుడిగోపురంలా లేచి అంచుల్లో దిగిపోతుంది, ఆ గ్రెయిన్ పెరిగిన కాలమంతా ఆ గీతలో కనిపిస్తుంది. జాగ్రత్తలు ఉన్నాయి, ఆల్బైట్ (సోడియం ఫెల్‌స్పార్) మీదా గాజు మీదా బీమ్ సూటిగా పెడితే సోడియం పక్కకి జరిగిపోతుంది, బీమ్‌ని 10 మైక్రాన్లకి వెడల్పు చేసి సోడియంని అన్నింటికన్నా ముందు కొలవాలి. టైటానియం ఉన్న ఖనిజంలో వెనేడియం కనిపిస్తే సంబరపడొద్దు, టైటానియం బీటా ఎక్స్‌రే పీక్ వెనేడియం ఆల్ఫా పీక్ మీద పడుతుంది. ఇదే గ్రెయిన్‌లో ఇంకా తక్కువ మోతాదు మూలకాలు కావాలంటే లేజర్ అబ్లేషన్ ఐసీపీ-ఎంఎస్ (లేజర్‌తో చిన్న చోటుని చెక్కి ఆ పొడిని కొలిచేది), కానీ దానికి ఒక మూలకం విలువ ముందే తెలిసి ఉండాలి, అది మైక్రోప్రోబ్ నుంచే తెచ్చుకుంటారు.

చేత్తో పట్టుకునే ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్ ఫీల్డ్‌లో బాగా పనికొస్తుంది, ఎక్కడ శాంపిల్ తీయాలో చెప్తుంది. దాంతో లిథియం కొలవలేరు, సోడియం కొలవలేరు, తడి మట్టి మీద వచ్చిన అంకెని రిపోర్ట్‌లో పెట్టకండి. దాని ఎక్స్‌రే తేలిక మూలకాలకి రాతి పైపొరని మాత్రమే చూస్తుంది.

స్టెప్ 5: హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ దగ్గర మొహమాటం వద్దు

ఇది చిన్న స్టెప్పే, కానీ దాటేయకండి. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ పల్చగా ఉన్నప్పుడు చర్మం మీద పడితే వెంటనే మంట పుట్టకపోవచ్చు, గంటల తర్వాత లోపల నొప్పి మొదలవుతుంది, ఈలోపు ఫ్లోరైడ్ ఒంట్లో కాల్షియంని పట్టేసుకుంటూ ఉంటుంది, గుండె మీద కూడా పడుతుంది. అందుకే కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందే దూరంలో, గడువు దాటకుండా ఉండాలి. పడిందని అనుమానం వచ్చినా నీళ్లతో కడిగి జెల్ రాసి నొప్పి కోసం ఆగకుండా డాక్టర్ దగ్గరికి పోవాలి, ఏ యాసిడో ముందే చెప్పాలి. ఒంటరిగా పనిచేయకూడదు. గాజు బీకర్ వాడకూడదు, అది గాజునే తినేస్తుంది, టెఫ్లాన్ పాత్రలే. కొత్తగా చేరినవాళ్లని ట్రైనింగ్ లేకుండా ఆ ఫ్యూమ్ హుడ్ దగ్గరికి పంపే ల్యాబ్ ఐతే, ఎంత పేరున్నదైనా, మీరు చేయనని చెప్పండి. ఉద్యోగం పోతే ఇంకోటి వస్తుంది.

స్టెప్ 6: స్టాండర్డ్, బ్లాంక్, డూప్లికేట్

1951లో అమెరికా జియలాజికల్ సర్వే ఒక నివేదిక ప్రచురించింది. రోడ్ ఐలండ్‌లోని వెస్టర్లీ గ్రానైట్ పొడి ఒకటి, వర్జీనియాలోని డయాబేస్ పొడి ఒకటి, జీ-1, డబ్ల్యూ-1 అని పేర్లు పెట్టి చాలా ల్యాబ్‌లకి అదే పొడి పంపారు. అందరూ అనుభవం ఉన్నవాళ్లే, ఐనా ఫలితాలు ఒకదానితో ఒకటి కుదరలేదు, ఎవరూ ఊహించనంత తేడాలొచ్చాయి. రాళ్లకి రిఫరెన్స్ మెటీరియల్స్ అనే అలవాటు గట్టిపడింది అక్కణ్ణుంచే, ఇప్పుడు మనం వాడే బీసీఆర్-2, బీహెచ్‌వీఓ-2 బసాల్ట్‌లు ఆ వారసత్వమే. లేజర్‌కి అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ తయారుచేసిన 610, 612 గాజులు, జిర్కాన్ వయసులకి 91500 అనే జిర్కాన్.

సుమారు 20 శాంపిల్స్‌కి ఒక స్టాండర్డ్ (విలువ ముందే తెలిసిన పొడి), ఒక బ్లాంక్, ఒక డూప్లికేట్ (అదే శాంపిల్ రెండోసారి) పెట్టండి, ల్యాబ్‌కి ఏది ఏదో తెలియకుండా మామూలు నంబర్లతో. స్టాండర్డ్ మీ రాయి లాంటిదే అవ్వాలి, సల్ఫైడ్ ధాతువు పంపుతూ గ్రానైట్ స్టాండర్డ్ పెడితే ఉపయోగం లేదు. ప్రతిసారీ వచ్చిన విలువని గ్రాఫ్ మీద చుక్క పెట్టుకుంటూ పోండి. ఒక చుక్క మూడు స్టాండర్డ్ డీవియేషన్లు దాటితే బ్యాచ్ మళ్లీ చేయించండి, ఏదీ దాటకపోయినా చుక్కలన్నీ మెల్లగా ఒకే వైపు జారుతుంటే మెషీన్ డ్రిఫ్ట్ అవుతోందని అర్థం.

ఇవన్నీ పెట్టినా ఒక్కటి మాత్రం పట్టుకోలేవు, శాంపిలే అబద్ధం ఐతే. 1990ల్లో ఇండోనేషియాలోని బుసాంగ్‌లో బ్రె-ఎక్స్ కంపెనీ కోట్ల ఔన్సుల బంగారం ఉందని ప్రకటించింది, ల్యాబ్‌లు కొలిచింది సరిగ్గానే కొలిచాయి, కానీ నలగ్గొట్టిన డ్రిల్ కోర్‌లో (భూమిలోంచి డ్రిల్ చేసి తీసిన రాతి కడ్డీ) బయటి బంగారం కలిపారు. కోర్‌ని సగానికి కోసి ఒక సగం దాచిపెట్టడం ఆనవాయితీ, అక్కడ దాదాపు మొత్తం నలగ్గొట్టేశారు. 1997లో వేరే కంపెనీ పక్కనే డ్రిల్ చేస్తే చెప్పుకోదగ్గ బంగారం లేదు. మైక్రోస్కోప్ కింద చూస్తే ఆ బంగారం పలుకులు గుండ్రంగా, నదిలో దొర్లినట్టు ఉన్నాయి, గట్టి రాతిలోంచి వచ్చిన బంగారం అలా ఉండదు. చూశారా, స్టెప్ 1లో చెప్పిన మైక్రోస్కోపే మళ్లీ పనికొచ్చింది. గని కంపెనీల రిపోర్టుల మీద కెనడాలో 2001లో వచ్చిన 43-101 నిబంధనలకి ఇదే పెద్ద కారణం, ఇప్పుడు రిపోర్ట్ మీద అర్హత ఉన్న మనిషి పేరు పెట్టి సంతకం చేయాలి. రేపు ఆ సంతకం మీది కావొచ్చు.

స్టెప్ 7: రిపోర్ట్ వచ్చాక ముందు తప్పులు వెతకండి, కథ తర్వాత

ఎక్సెల్ తెరవగానే ముందు మొత్తాలు చూడండి, ఎక్స్‌ఆర్‌ఎఫ్‌లో లాస్ ఆన్ ఇగ్నిషన్‌తో (పొడిని కాల్చినప్పుడు తగ్గే బరువు) కలిపి సుమారు 98.5 నుంచి 101 మధ్య ఉండాలి. 95 వస్తే కొలవని మూలకం ఏదో ఉంది, గంధకమో, ఫ్లోరినో, ధాతువులో ఉన్న బేరియమో. డిటెక్షన్ లిమిట్ (మెషీన్ నమ్మకంగా చూడగల కనిష్ట మోతాదు) కన్నా తక్కువ అని వచ్చినవాటిని సున్నా చేయకండి, తీసేయకండి, గుర్తు పెట్టి ఉంచండి.

రేర్ ఎర్త్‌లకి ఒక అందమైన పరీక్ష ఉంది. ప్రకృతిలో సరి సంఖ్య అటామిక్ నంబర్ ఉన్న మూలకాలు పక్కనున్న బేసి సంఖ్యవాటికన్నా ఎక్కువ ఉంటాయి, అందుకే ఉన్నదున్నట్టు గ్రాఫ్ గీస్తే రంపం పళ్లలా వస్తుంది. కాండ్రైట్ ఉల్కల (సౌరకుటుంబం తొలినాటి రాళ్లు) విలువలతో భాగిస్తే ఆ రంపం పోయి నున్నటి గీత రావాలి. రాకపోతే, ముఖ్యంగా తక్కువ మోతాదు ఉన్న థూలియం, లుటీషియం దగ్గర గతుకులొస్తే, ఎనాలిసిస్‌లో తేడా ఉంది. యూరోపియం, సీరియం రెండూ మాత్రం నిజంగానే పైకీ కిందకీ పోగలవు, యూరోపియం రెండు చార్జ్‌తో ప్లాజియోక్లేజ్‌లో కాల్షియం సీట్లోకి దూరుతుంది కాబట్టి. కానీ ఐసీపీ-ఎంఎస్‌లో బేరియం ఆక్సైడ్ సరిగ్గా యూరోపియం మాస్ దగ్గరే పడుతుంది, బేరియం ఎక్కువున్న రాయిలో యూరోపియం పైకి లేచిందంటే ల్యాబ్ ఆ కరెక్షన్ చేసిందా అని అడిగాకే ప్లాజియోక్లేజ్ కథ చెప్పండి.

ఇంకో మాట, శాతాలన్నీ కలిపి 100 అవ్వాలి కాబట్టి సిలికా పెరిగితే మిగతావి వాటంతటవే తగ్గుతాయి, రెండు ఆక్సైడ్ల మధ్య గీత కనిపించగానే సంబంధం ఉందని రాసేయకండి. జాన్ ఐచిసన్ 1980ల్లో దీనికోసమే లాగ్ రేషియో పద్ధతులు (శాతాల బదులు వాటి నిష్పత్తుల లాగరిథమ్‌లు వాడటం) తెచ్చాడు, కాస్త కూర్చుంటే అర్థమవుతాయి. ప్రాక్టీస్‌కి డబ్బు పెట్టక్కర్లేదు, జియోరాక్, ఎర్త్‌కెమ్ డేటాబేస్‌లలో వేల ఎనాలిసిస్‌లు ఉచితంగా ఉన్నాయి, ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో నడిచే జీసీడీకిట్, పైథాన్‌లో పైరోలైట్ సాఫ్ట్‌వేర్‌లు కూడా ఉచితమే.

స్టెప్ 8: ఉద్యోగం వైపు

దార్లు చాలానే ఉన్నాయి. కమర్షియల్ ల్యాబ్‌లో చేరితే వేగం, క్రమశిక్షణ వస్తాయి, రోజుకి వందల శాంపిల్స్ చూస్తారు, ఐతే రాయి ఎక్కణ్ణుంచి వచ్చిందో మీకు చెప్పరు. ఎక్స్‌ప్లొరేషన్‌లో మ్యాప్, డ్రిల్ కోర్, రిపోర్ట్ అన్నీ మీ చేతిలోనే ఉంటాయి, కానీ లోహాల ధరలు పడిపోయిన ఏడాది ముందు ఊడేవి ఈ ఉద్యోగాలే, ఇది ముందే తెలుసుకుని రండి. గనిలో గ్రేడ్ కంట్రోల్ (తవ్వే రాతిలో లోహం ఎంతుందో చూసే పని) రోజూ ఒకేలా ఉంటుందంటారు గానీ మీ అంకె తప్పా ఒప్పా మరుసటి వారమే ధాతువుని శుద్ధి చేసే మిల్లు దగ్గర తేలిపోతుంది, నేర్చుకోడానికి అంతకన్నా మంచి చోటు లేదని నా అభిప్రాయం. జియలాజికల్ సర్వేలు, యూనివర్సిటీ ల్యాబ్‌లు, గని నీళ్లు యాసిడ్‌గా మారడం మీద పనిచేసే పర్యావరణ సంస్థలు, సిమెంట్, లోహ శుద్ధి కర్మాగారాలు కూడా ఉన్నాయి. మాస్టర్స్ చాలావరకు కావాలి, మైక్రోప్రోబ్ ల్యాబ్ నడపాలంటే పీహెచ్‌డీ ఉంటే మేలు.

రెజ్యూమేలో మెషీన్ల పేర్లు వరసగా రాసి వదిలేయకండి. మీరు పట్టుకున్న ఒక తప్పు గురించి ఒక పేజీ రాసి పెట్టుకోండి, ఏ స్టాండర్డ్ ఎంత తేడా చూపింది, ఎందుకో ఎలా వెతికారు, ఎలా సరిదిద్దారు అని. నేను ఇంటర్వ్యూ చేసినప్పుడు ఒక రిపోర్ట్ చేతికిచ్చి చూడమంటా, బ్లాంక్‌లో రాగి ఎక్కువుంటుంది అందులో, దాన్ని చూడకుండా అనామలీ (లోహం మామూలుకన్నా ఎక్కువున్న చోటు) గురించి మాట్లాడటం మొదలుపెట్టినవాళ్లకి బాగా చదువుకున్నా సరే ఇంకా టైముందని చెప్తా.

చేరిన మొదటి వారం మెషీన్ గదిలోకి పరిగెత్తకండి. పోయిన ఆరు నెలల బ్లాంక్ విలువలు, స్టాండర్డ్ గ్రాఫ్‌లు చూపించమని అడగండి, కొత్తవాళ్లు ఇవి అడిగితే మంచి ల్యాబ్‌వాళ్లు సంతోషిస్తారు. తర్వాత ఒక రోజంతా మాస్క్, ఇయర్ మఫ్ పెట్టుకుని క్రషింగ్ గదిలో నిలబడండి. అక్కడ ఏళ్ల తరబడి పనిచేస్తున్నవాళ్లకి టీ తెచ్చిచ్చి, ఏ రకం రాయి కొట్టాక మిల్లు కడగడం కష్టమవుతుందో అడగండి, వాళ్లు చెప్పింది నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి.